ఎవరి పిల్లల మీద నేర్చుకోవాలి?

ఏ పనైనా ఎవరో ఒకరి మీద ప్రయోగించే నేర్చుకుంటాం. కొత్త కోడలు మొదటిసారి పెట్టిన పప్పుచారు అత్తింటివాళ్ళు తాగక తప్పదు. కుట్టుమిషను కొన్న కొత్తలో మనం కుట్టిన జాకెట్టు, బాగున్నా లేకపోయినా, ఏ ఆడపడుచో తొడుక్కోవాల్సిందే. ఫరవాలేదు. ఉప్పెక్కువైన కూర పారబోయొచ్చు. చెడిన జాకెట్టు విప్పి మళ్ళీ కుట్టొచ్చు. మరి పాఠం చెప్పడం నేర్చుకునేవాళ్ళ సంగతేమిటి? వాళ్ళ చేతిలో ఉండేది గుడ్డముక్క కాదు, పదకొండేళ్ళ పిల్ల బుర్ర. అక్కడ తప్పు కుట్టు పడితే విప్పడం ఎలాగ?

ఈ ప్రశ్న నాకు ఊరికే రాలేదు. మా చెల్లెలి కూతురు బి.ఎడ్. చదువుతూ ప్రాక్టీసు కోసం మేళ్లచెరువు బడికి వెళ్ళింది. పూర్వం ఈ చదువు ఏడాదే ఉండేది. 2015లో రెండేళ్ళయింది, బడిలో గడపాల్సిన కాలమూ పెరిగింది. మేళ్లచెరువు అంటే మీలో చాలామందికి శివరాత్రి జాతర, స్వయంభూ శంభులింగేశ్వరస్వామి, ఎడ్ల పందాలు గుర్తుకొస్తాయి. 2016 దాకా నల్లగొండ జిల్లా, ఇప్పుడు సూర్యాపేట జిల్లా. సున్నపురాయి నేల కాబట్టి చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు.

మొదటి రోజు మా పిల్ల చక్కగా చీర కట్టుకుని, చార్టులు చుట్టచుట్టి పట్టుకుని, ఆరో తరగతికి వెళ్ళిందట. ఇంగ్లీషు క్లాసులో ఇంగ్లీషే మాట్లాడాలని కాలేజీలో చెప్పారు కదా, నలభై నిమిషాలూ అలాగే మాట్లాడింది. పిల్లలు గుడ్లప్పగించి చూశారు. సినిమాకి వచ్చినట్టు హాయిగా కూర్చున్నారు గాని ఒక్కరూ నోరు విప్పలేదు. మూడో రోజున ఒక అమ్మాయి ధైర్యం చేసి లేచి, తనకి ఆకలిగా ఉందని చెప్పబోయి, ‘టు మీ హంగర్ ఈజ్’ అంది. క్లాసంతా గొల్లుమంది. మా పిల్ల కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ అమ్మాయి కూర్చుంది. తర్వాత వారం రోజులు పలకరించినా పలకలేదు.

“పెద్దమ్మా, నేను నేర్చుకునేందుకు ఆ పిల్ల నోరు మూసిన్నా?” అని ఫోన్లో ఏడిచింది.

ఆ అమ్మాయి అన్నదాన్ని ఒకసారి తెలుగులోకి తిప్పి చూడండి. ‘నాకు ఆకలి ఉంది.’ ఎక్కడుంది తప్పు? మన భాషలో ఆకలి మనకి ‘ఉంటుంది’, కోపం మనకి ‘వస్తుంది’. ఇంగ్లీషువాడికి ఆకలీ కోపమూ వేరుగా ఉండవు. ఆకలేసినవాడూ, కోపమొచ్చినవాడూ వాడే. మన క్రియ వాక్యం చివర నిలబడుతుంది, వాళ్ళది మధ్యలో జొరబడుతుంది. పదకొండేళ్ళ పిల్ల తనకి తెలిసిన వ్యాకరణాన్ని తెలియని మాటలకి పద్ధతిగా తొడిగింది. అది తెలివితక్కువతనం కాదు, తెలివే. పిట్ కార్డర్ అనే భాషాశాస్త్రవేత్త 1967లో ఈ సంగతే రాశాడు. నేర్చుకునేవాళ్ళ తప్పులు వాళ్ళ బుర్ర ఎలా పనిచేస్తోందో టీచరుకి చూపిస్తాయట. అంటే ఆ పూట క్లాసులో అసలైన పాఠం చెప్పింది ఆ అమ్మాయే. వినవలసింది మా పిల్ల.

మన గిడుగు రామమూర్తిగారి మాట చెప్పుకోవద్దూ! పర్లాకిమిడిలో ఉండగా సవరలకి చదువు చెప్పాలనుకున్న ఆయన, ముందు తానే వాళ్ళ దగ్గర సవర భాష నేర్చుకున్నారు. గురువు కావాలంటే ముందు శిష్యుడు కావాలని ఆయనకి ఎవరూ ట్రైనింగు ఇవ్వలేదు.

సరే, ఇదంతా బాగానే ఉంది గాని, నన్ను గుచ్చే ముల్లు ఇంకొకటుంది. ఇలా నేర్చుకునేవాళ్ళు ఎక్కువగా ఎవరి పిల్లల దగ్గరికి వెళతారు? సర్కారు బడి పిల్లల దగ్గరికే. వేలకి వేలు ఫీజు కట్టే మనం, “మా వాడి క్లాసుకి నేర్చుకునే టీచరా?” అని మర్నాడే ఆఫీసు గదిలో నిలబడతాం. బస్తాలు మోసే తండ్రి అలా అడగడు. అడగొచ్చని అతనికి తోచదు. పైగా ఈ రోజుల్లో ఇంగ్లీషంటే ఒక్క పీరియడు కాదు. తెలంగాణలో 2022-23 నుంచి సర్కారు బళ్ళలో ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టారు. ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషుగా పుస్తకాలు అచ్చువేశారు. ఇంగ్లీషు అందని పిల్లకి లెక్కలూ, సైన్సూ కూడా అందవు. నష్టం అంత పెద్దది.

అలాగని ఎవరూ ఎవరి మీదా నేర్చుకోకూడదంటే రేపు టీచర్లు ఎక్కణ్ణుంచి వస్తారు? డాక్టర్లయినా అంతే కదా! కనక నేర్చుకోవడం తప్పు కాదు. అది అప్పని మరిచిపోవడం తప్పు. అప్పు చేసినవాళ్ళు ఎలా ఉండాలో మధ్యతరగతి ఆడవాళ్ళకి ఒకరు చెప్పాలా? అణకువగా ఉండాలి, ఇచ్చినవాళ్ళ ముందు దర్జా ఒలకబోయకూడదు, చేతనైనంత త్వరగా తీర్చాలి.

మా పిల్ల మర్నాడు క్లాసులో తెలుగులోనే చెప్పిందట: “నేను కూడా నేర్చుకుంటున్న. మీకు అర్థం కాకుంటే నాకు చెప్పాలె.” పైనుంచి పరిశీలనకి వచ్చే ముందురోజు, ప్రశ్నలూ జవాబులూ పిల్లలకి బట్టీ పట్టించి ఉంచమని తోటివాళ్ళెవరో సలహా ఇచ్చారు. అప్పిచ్చినవాళ్ళ చేతే నాటకం ఆడించడం దానికి మనసొప్పలేదు. ఖాళీ సిమెంటు సంచి ఒకటి పట్టుకెళ్ళి బల్లమీద పరిచింది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి అచ్చుపడ్డ ఇంగ్లీషు మాటలు కూడబలుక్కున్నారు. సిమెంటు, గ్రేడు, వీకు, ఇయరు, యాభై కేజీలు. ‘పోర్ట్‌లాండ్’ దగ్గర ఆగిపోయారు. అది ఇంగ్లండులో ఒక చోటి పేరనీ, గట్టిపడ్డాక అక్కడి రాయిలా ఉంటుందని 1824లో ఆస్ప్‌డిన్ అనే ఆయన తన సిమెంటుకి ఆ పేరు పెట్టాడనీ ఇది చెప్పింది. అప్పుడు లేచిందట ఆ మాట్లాడని అమ్మాయి.

“మా నాయన దినాం మోస్తడు టీచర్, ఈ బస్తాలు.”

“ఇంగ్లీషులో ఎట్ల చెప్తవ్?”

“మై ఫాదర్ డెయిలీ బ్యాగ్స్ క్యారీ.”

క్రియ చివరికే పోయింది. ఎవరూ నవ్వలేదు. “నాకర్థమైంది,” అని, అదే వాక్యాన్ని ఇంగ్లీషు వరసలో నెమ్మదిగా పలికింది మా పిల్ల. ఆ అమ్మాయి మళ్ళీ చెప్పింది. పరిశీలనలో ఎన్ని మార్కులొచ్చాయో నేను అడగలేదు.

ఆ అప్పు దానితో తీరిపోయిందని నేననను. అసలు ఆ అమ్మాయికే తీర్చడం కుదరదు, ప్రాక్టీసు అయిపోగానే వచ్చేయాలి. ముందు ముందు దాని చేతికింద చదివే పిల్లలకి తీర్చాలి. మనమూ ఈ లెక్కలోనే ఉన్నాం సుమండీ. మన పిల్లలకి బాగా పాఠం చెప్పే ఆ అనుభవమున్న టీచరమ్మ, ఆ అనుభవం ఏ ఊరి బడిలో, ఎవరి పిల్లల దగ్గర సంపాదించిందో! ఈసారి మన అబ్బాయి క్లాసుకి, వణికే చేతులతో చాక్‌పీసు పట్టుకుని కొత్తమ్మాయి ఎవరైనా వస్తే, ఆఫీసు గదికి పరిగెత్తే ముందు ఒక్కసారి ఈ సంగతి తలుచుకుందాం.