ఇసుకకొండయు నిత్యత్వమును

ఫ్రాన్సు దేశపు నైరృతి తీరమున, ఆర్కషోన్ అఖాతము అట్లాంటిక్ మహాసముద్రముతో కలియుచోట, పిలా యను నిసుకకొండ యొకటి కలదు. ఐరోపా ఖండమునందలి యిసుకతిన్నెలన్నింటిలోను అదియే మిక్కిలి యెత్తైనది. నూరు మీటర్లకు మించిన యౌన్నత్యము, మూడు కిలోమీటర్లకు రవంత తక్కువగు నిడివి, రమారమి 6 కోట్ల ఘనమీటర్ల యిసుక దాని కలిమి. పడమటి గాలి సముద్రపు వైపు వాలునుండి రేణువులను లేవనెత్తి, శిఖరము దాటించి, తూర్పున జారవిడుచుచుండుటచే, ఆ కొండ యంతయు ఏటికి ఒకటి మొదలు అయిదు మీటర్ల వరకు అడవిలోనికి నడచుచున్నది.

2022 జూలైలో కార్చిచ్చు ఆ యడవిని దహించుటకు మునుపు నేనచ్చటికి పోయితిని. యాత్రికులకై వేసిన మెట్లు విడిచి ఇసుకమీదనే యెక్కి, అడవివైపు అంచునుండి క్రిందికి చూడగా, పైన్ వృక్షమొకటి నడుమువరకు ఇసుకలో కూరుకొనిపోయి యుండెను. గాలి విసరినప్పుడెల్ల రేణువులు సన్నని ధారలుగా జారి వచ్చి, దాని బెరడు నెర్రెలలో నిండి, మ్రాను చుట్టును మెల్లమెల్లగా పేరుకొనుచుండెను. క్రింది కొమ్మలు ఎండి బూడిదవన్నె తిరిగినను, తల మాత్రము ఇంకను పచ్చగానే యుండెను.

ఇట్లు అనుక్షణము రేణువులను మార్చుకొనుచు, చోటును మార్చుకొనుచు పోవుదానిని ‘ఒకటి’ యనుట యెట్లు? నిన్నటి కొండయే నేటి కొండ యనుటకు ప్రమాణమేమి? న్యాయసూత్రములలోని పూర్వపక్షి, సేనయు వనమును దృష్టాంతములుగా గొని, సమూహమే గాని అవయవి, అనగా భాగములకు వేరైన పూర్ణవస్తువు, మరియొకటి లేదని వాదించును. నైయాయికులు అవయవికి పృథక్సత్తను స్థాపించిరి గాని, సేనను, వనమును వారును అవయవులుగా నంగీకరింపలేదు. ఆ లెక్కను ఇసుకరాశికిని అవయవి యను పీఠము దక్కదు. ఇక బౌద్ధాచార్యుడగు ధర్మకీర్తి అర్థక్రియాసామర్థ్యమే, అనగా కార్యమును పుట్టింపగల శక్తియే, సత్తకు లక్షణమనెను. ఆ లక్షణమునే పట్టి నేనడుగుదును: ఆ మ్రానును పూడ్చుచున్నదెవ్వరు? ఏ యొక్క రేణువునకును ఆ శక్తి లేదు. కూడిన రేణువులే యని సమాధానము రావచ్చును. కాని కూడినవి మారిపోవుచున్నను కూడిక తీరు మారకున్నదే! సముద్రమువైపు మెల్లని వాలు, అడవివైపు నిటారు వాలు, నిలువగలిగిన కోణము దాటిన వెంటనే రేణువులు జారుట: ఇవియే కొండకు స్వరూపము.

పతంజలి మహాభాష్యపు పస్పశాహ్నికమున నిత్యత్వమును రెండు తెరంగుల చెప్పియున్నాడు. చలనము, వికారము, ఉత్పత్తి వినాశములు లేక యుండుట యొకటి. దేనియందు తత్త్వము చెడదో అదియు నిత్యమే యనుట రెండవది. మనము ప్రేమించువానికెల్ల మొదటిదానినే కోరుదుము. ఊరు, గుడి, ఆచారము, కన్నవారు ఉన్నచోట ఉన్నట్లే యుండవలెనని తపింతుము. ఆ కోరిక తీరినచో నేమగునో చెప్పుటకు ఆ తీరమే సాక్షి: 18వ శతాబ్ది చివర బ్రెమొంతియే యను ఇంజనీరు ఇసుకతిన్నెలను పైన్ వనములతో కట్టివేయు పనికి పూనుకొనెను, ఆ పని ఆయన పిదపను సాగగా చుట్టుపట్ల తిన్నెలెన్నో కదలికయుడిగి అడవులైనవి. పిలా నడచుచున్నది గనుకనే ఇసుకకొండగా మిగిలినది.

అయితే ఆ పైన్ మాట యేమి? సముద్రపు వైపున, అలలు కోసిన పాదమున, నల్లని పొరలు కొన్ని బయటపడియున్నవి. అవి పూర్వకాలపు నేలలు. అడుగుదానికి మూడువేల యేండ్లు పైబడినవి. ఒక పొరనుండి చిటికెడు తీసి నలిపితిని: ఇసుక గరుకుదనము నడుమ చివికిన ఆకుమన్ను మెత్తగా తగిలెను. అడవి పూడినది, పూడినదానిపై మరల అడవి మొలచినది. కాబట్టి అడవికిని ఆ రెండవ నిత్యత్వము, అనగా ప్రవాహనిత్యత, కలదు. కాని ప్రవాహము నిలిచినంత మాత్రమున అందు మునిగినదానికి న్యాయము జరిగినదనుటకు నా మనస్సు సమ్మతింపదు. పతంజలి చెప్పిన రెండవ నిత్యత్వము కొండకు చాలును, వనమునకు చాలును, ఆ యొక్క మ్రానునకు చాలదు.

మన శ్రాద్ధవిధి ఈ లోటు నెరిగినదని నా నమ్మకము. వంశము నిలిచినది గదా యని అది తృప్తిపడదు; తండ్రిని, తాతను, ముత్తాతను వేరువేరుగా, పేరును గోత్రమును చెప్పి పిలిచి పిండమిడుమనును. నాలుగవ తరమువాడు మాత్రము ఆ పిలుపునుండి తొలగి పితృగణమున కలియును. వ్యక్తిని ప్రవాహమునకు ఒప్పగింపక తప్పదు. ఒప్పగించుటకు మునుపు మూడు తరముల గడువు అడుగుట ధర్మమేయని నేను దృఢముగా విశ్వసించుచున్నాను.