జాలి చాలదు, హక్కు చెల్లించాలి

నల్లమల అంచున, నేటి నంద్యాల జిల్లా ఆళ్లగడ్డ మండలంలో అహోబిలం ఉంది. అక్కడి కొండదారుల్లో నడవలేనివారిని డోలీలో కూర్చోబెట్టి మోసుకుపోవడం మామూలే. "నడవలేవు కదా, నీకెందుకీ ప్రయాణం?" అని ఎవరూ వెనక్కి పంపరు.

మరి నడవలేని, చూపులేని, వినికిడిలేని బిడ్డ బడికి వెళ్లవలసి వచ్చినప్పుడు మనం ఏమంటున్నాం? "పాపం, వీడికి చదువెందుకు? మేమున్నన్నాళ్లు కడుపునిండా పెట్టి చూసుకుంటాం" అంటున్నాం. ఈ మాటలో ప్రేమ ఉంది, సందేహం లేదు. కాని న్యాయం ఉందా? మనం లేని రోజున ఆ బిడ్డ గతి ఏమిటి?

దైవప్రవక్త (సఅసం) ఖురైషు నాయకులకు ధర్మబోధ చేస్తున్న సమయంలో అంధులైన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) నేర్చుకోవాలని వచ్చారు. పెద్దలతో మాటల మధ్య ఆయన రాక ప్రవక్త (సఅసం)కు రుచించలేదు. దానిపై అల్లాహ్ 'అబస' సూరా అవతరింపజేసి, తపనతో వచ్చినవానిని ఉపేక్షించరాదని హెచ్చరించాడు. ఆ అంధ సహాబీయే తర్వాత మదీనాలో అజాన్ పలికారు. ప్రవక్త (సఅసం) ప్రయాణమైనప్పుడు మదీనా బాధ్యతలు కూడా చూశారు.

మరో రెండు సంఘటనలు గమనించండి. దారిచూపేవారు లేరని, ఇంట్లోనే నమాజు చేసుకుంటానని ఒక అంధుడు అనుమతి కోరాడు. అజాన్ వినిపిస్తుంటే రావాలనే ప్రవక్త (సఅసం) చెప్పారు. చూపు మందగించి, వానలకు వాగు పొంగితే మస్జిదుకు రాలేని హజ్రత్ ఇత్బాన్ బిన్ మాలిక్ (రజి) విషయంలో మాత్రం ప్రవక్త (సఅసం) స్వయంగా ఆయన ఇంటికి వెళ్లి నమాజు చేశారు. రాగలిగినవారిని రమ్మన్నారు, రాలేనివారి దగ్గరకు తానే వెళ్లారు. ఎవరినీ వదిలేయలేదు.

మన దేశ చట్టంలోనూ ఈ రెండు దారులున్నాయి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నట్టు ధ్రువీకరణ పొందిన పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. దగ్గరి బడిలో చదవాలా, ప్రత్యేక పాఠశాలలోనా అన్నది వారి ఇష్టం. తీవ్ర వైకల్యం ఉన్నవారు ఇంటివద్దే చదువు కోరవచ్చని విద్యాహక్కు చట్టానికి 2012లో సవరణ చేశారు. కోరుకునే హక్కు బిడ్డది. వదిలించుకునే హక్కు బడికి లేదు. ఇంటి చదువని కాగితంపై రాసి, ఆ ఇంటికి ఉపాధ్యాయుడే రాకపోతే అది చదువు కాదు, మోసం.

"అలాంటి పిల్లవాడుంటే మిగతావారి చదువు పాడవుతుంది" అని కొందరంటారు. ఒక్క టీచరు అందరినీ చూడలేరన్నది నిజమే. అందుకే ప్రత్యేక ఉపాధ్యాయుల సంఖ్యకు ప్రమాణాలు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో ఆదేశించింది. టీచర్ల కొరతకు శిక్ష బిడ్డకు వేయడం ఏ న్యాయం?

సోదర సోదరీమణులారా! అహోబిలం నుంచి మండల కేంద్రమైన ఆళ్లగడ్డకు సుమారు 25 కిలోమీటర్లు. కూలి వదులుకుని బిడ్డను చంకనేసుకుని అంతదూరం వెళ్లే తల్లికి మీరు తోడుండండి. సర్టిఫికెట్ కోసం, మండలంలోని భవిత కేంద్రం కోసం, రవాణా భత్యం కోసం ఆమెతోపాటు వెళ్లి అడగండి. మన మస్జిదు మెట్ల పక్కన ఒక వాలుదారి కట్టించండి. మక్తబ్‌లో ఆ బిడ్డకూ ఒక చోటు చూపండి.

బిడ్డ అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. రేపు ప్రళయదినాన "అన్నం పెట్టాను" అన్న జవాబు సరిపోతుందా? ఈ రోజే ఆలోచిద్దాం. అల్లాహ్ మనకు ఆ సద్బుద్ధి ప్రసాదించుగాక! ఆమీన్.