మన ఆకలి తీర్చేవాని ఆకలి

ఒక శుక్రవారం జుమా నమాజు ముగించుకుని మేము మసీదు మెట్లు దిగుతున్నాం. వజూ కొళాయిల దగ్గర ఒక యువకుడు ముఖం కడుక్కుంటున్నాడు. వీపున ఇళ్లకు భోజనాలు చేరవేసే పెద్ద సంచి ఉంది. "తిన్నావా బేటా?" అని అడిగాం. "లేదు చాచా, పొద్దున చాయ్, రెండు బిస్కెట్లు. ఆర్డర్లు ఎక్కువగా వచ్చేది ఇప్పుడే. ఇప్పుడు ఆగితే ఈ రోజు ఇన్సెంటివ్ పోతుంది" అని చెప్పి బండి ఎక్కాడు. అతని వీపు మీది సంచిలో మరెవరి భోజనమో వెచ్చగా ఉంది. అతని కడుపు మాత్రం ఖాళీగా ఉంది.

సోదరులారా! సోదరీమణులారా! ఈ దృశ్యాన్ని మనం రోజూ చూస్తున్నాం. చూసి మరచిపోతున్నాం. కాని దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) దీన్ని మరచిపోనివ్వలేదు. సేవకుడు భోజనం తెచ్చి ముందు పెట్టినప్పుడు అతణ్ణి పక్కన కూర్చోబెట్టుకోవాలని, అది వీలుకాకపోతే కనీసం ఒకటి రెండు ముద్దలైనా అతనికి ఇవ్వాలని, ఎందుకంటే దాని వేడిని, శ్రమను భరించింది అతనేనని ఆయన బోధించారు. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీలో ఉంది. ఆనాడు పొయ్యి వేడి. ఈనాడు మే నెల మధ్యాహ్నపు తారు రోడ్డు వేడి. భరించేవాడు మాత్రం మనలాంటి మనిషే.

హజ్రత్ అబూ జర్ (రజి) ఉల్లేఖనంలో మరో బోధన ఉంది. మీ చేతికింద పనిచేసేవారు మీ సోదరులు. మీరు తినేదే వారికి తినిపించాలి. వారి శక్తికి మించిన భారం మోపకూడదు, మోపితే తోడు నిలవాలి. ఇదీ దాని సారాంశం. ఇక్కడ ఆకలి విషయం, పనిభారం విషయం ఒకే చోట చెప్పబడ్డాయి. తిండికి తీరిక ఇవ్వని పని శక్తికి మించిన పనే అవుతుంది.

భోజనం ముందుకు వచ్చినప్పుడు ముందు భోజనం చేసి తరువాత నమాజు చేయడానికి మన ధర్మం అనుమతి ఇచ్చింది. తన ఆరాధన కోసమే మనల్ని పుట్టించిన అల్లాహ్ తన దాసుని ఆకలిని గమనించి ఆ వెసులుబాటు ఇచ్చాడు. అలాంటప్పుడు మన ఆర్డరు, మన లాభం, మన తొందర మరొకరి భోజనం కంటే ముఖ్యం ఎలా అవుతాయి?

లౌకిక చట్టం కూడా ఈ విషయాన్ని ఏనాడో గుర్తించింది. మన దేశంలో 1961లో వచ్చిన మోటారు రవాణా కార్మికుల చట్టం, ఐదుగురు లేక అంతకంటే ఎక్కువమంది పనిచేసే రవాణా సంస్థల్లో రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు పనివేళలుగా నిర్ణయించింది. వరుసగా 5 గంటలకు మించి పనిచేయించకూడదని, ఆలోగా కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని ఆదేశించింది. 2025 నవంబరు 21 నుండి ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ - 2020 అమలులోకి వచ్చింది.

మరి ఆ యువకునికి అరగంట ఎందుకు దొరకలేదు? యాప్ ద్వారా పనిచేసేవారిని గిగ్ కార్మికులంటారు. సామాజిక భద్రతా కోడ్ - 2020 వారిని యజమాని, ఉద్యోగి అనే సంప్రదాయ సంబంధానికి వెలుపల ఉన్నవారిగా నిర్వచించింది. వారి సంక్షేమ నిధికి కంపెనీలు వార్షిక టర్నోవరులో 1 నుండి 2 శాతం చెల్లించాలంది. అది మంచిదే. కాని నిధి వేరు, మధ్యాహ్నం అరగంట వేరు. "అతనికి మేము యజమానులం కాము, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆగవచ్చు" అని కంపెనీ చెబుతుంది. ఆగితే ఇన్సెంటివ్ పోతుంది. ఆర్డరు వద్దంటే రేటింగ్ పడిపోతుందేమోనన్న భయం. పేరుకు స్వేచ్ఛ ఉంది, వాడుకుంటే శిక్ష ఉంది. శిక్షతో కూడిన విరామాన్ని విరామమని ఎలా అనగలం?

దివ్యఖుర్ఆన్‌లోని ముతఫ్ఫిఫీన్ సూరా, తాము తీసుకునేటప్పుడు పూర్తిగా కొలిపించుకుని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించి ఇచ్చేవారికి వినాశం ఉందని హెచ్చరిస్తుంది. ఇది త్రాసుకు మాత్రమే పరిమితమైన మాట కాదు. నిమిషం ఆలస్యమైతే లెక్క అడిగి, భోజనానికి ఇవ్వవలసిన అరగంటను లెక్కలోకే తీసుకోకపోవటం కూడా తగ్గించి తూచటమే.

దీనికి భిన్నంగా ఖసస్ సూరాలో ఒక యజమాని కనిపిస్తాడు. మద్‌యన్‌లో హజ్రత్ మూసా (అలైహిస్సలాం)ను పనిలో పెట్టుకున్న ఆ వృద్ధుడు గడువు ఎనిమిదేళ్లని ముందే చెప్పాడు. పదేళ్లు పూర్తిచేస్తే అది మీ మంచితనమన్నాడు. మిమ్మల్ని కష్టపెట్టటం నా ఉద్దేశ్యం కాదని కూడా స్పష్టం చేశాడు. పని ఎంతో ముందే తెలిసింది, అదనపు పని ఇష్టానికి వదిలివేయబడింది. మన ఒప్పందాల్లో ఈ రెండూ ఉన్నాయా?

అయితే నియమం రాసినంత మాత్రాన సరిపోదు, అమలు జరిపేవాడు కావాలి. ఇస్లామీయ పాలనలో ఈ పనికి ముహ్తసిబ్ అనే అధికారి ఉండేవాడు. బానిసలపై శక్తికి మించిన పని మోపకుండా యజమానులను ఆపటం, పశువులకు మేత తగ్గించి బరువు పెంచేవారిని అడ్డుకోవటం కూడా అతని విధుల్లో భాగమని ఇమామ్ మావర్దీ (రహ్మ) తన గ్రంథంలో పేర్కొన్నారు. నోరులేని పశువు ఫిర్యాదు చేయలేదు. పని పోతుందని భయపడే మనిషి కూడా చేయలేడు. అందుకే ఫిర్యాదు కోసం ఎదురుచూడకుండా వెళ్లి చూసే కన్ను ఉండాలి. ఆ కన్ను ప్రభుత్వానిది. దాన్ని మేల్కొలపటం మన బాధ్యత.

కాని ముందు మన ఇంటి సంగతి చూసుకుందాం. మనలో హోటళ్లున్నవారున్నారు, మంచినీళ్ల క్యాన్లు, గ్యాస్ బండలు, కొరియర్ సరుకు పంపేవారున్నారు. మన డ్రైవరు మధ్యాహ్నం ఎక్కడ తిన్నాడో మనకు తెలుసా? జుహర్ నమాజుకు మనం దుకాణం వదిలి వెళ్లే వేళ అతణ్ణి మరో ట్రిప్పుకు పంపటం లేదా? మొదటి సఫ్‌లో నిలబడిన ఆ నమాజు గురించి, రోడ్డు మీద ఆకలితో ఉన్న మనిషి రేపు అల్లాహ్ సన్నిధిలో నిలదీస్తే మన దగ్గర ఏం సమాధానం ఉంది?

యజమానులైతే భోజన విరామం వేళ నిర్ణయించండి, దాని కోసం కూలి కోయకండి. ఆర్డరు ఇచ్చేవారైతే పది నిమిషాల ఆలస్యానికి తక్కువ రేటింగ్ ఇవ్వకండి, గుమ్మంలో మంచినీళ్లు ఇవ్వండి. మసీదు కమిటీలైతే మధ్యాహ్నం నీడ, చల్లని నీళ్లు, కూర్చుని తినే చోటు అందరికీ కల్పించండి, మతం అడగకండి. కాని ఇవి దానాలు. అరగంట విరామం హక్కు. దానం చేసి హక్కును ఎగవేయకూడదు. రైడర్ సోదరులారా! మీ శరీరానికి కూడా మీపై హక్కుందని ప్రవక్త (సఅసం) బోధించారు. ఇన్సెంటివ్ కోసం దాన్ని పూర్తిగా అమ్ముకోకండి.

మన ముందుకు వచ్చే ప్రతి ముద్ద వెనుక ఉన్న మనిషిని గుర్తించే హృదయాన్ని, అతని హక్కును పూర్తిగా చెల్లించే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.