వెన్ను విరిగి పూసలయిందా?

వెన్నెముక ఒకే కర్రలా ఉండక పూసలు పూసలుగా ఎందుకుంది? గర్భంలో పిండం మెలి తిరిగినప్పుడు వెన్ను విరిగిందని, ఆ ముక్కలే పూసలని క్రీ.పూ. 5వ శతాబ్దంలో సిసిలీకి చెందిన ఎంపెడొక్లీస్ చెప్పాడు. అంటే ఎవరూ తలపెట్టకుండానే అలా జరిగిపోయిందన్నమాట. మరుసటి శతాబ్దంలో అరిస్టాటిల్ దీన్ని కొట్టిపారేశాడు. మనిషికి మనిషే పుడతాడు, కాబట్టి మనిషిని రూపొందించే శక్తి ముందే బీజంలో ఉండాలి. తయారయ్యే తీరంతా తయారు కావలసిన రూపం కోసమేనని ఆయన వాదం.

పొదిగే కోడిగుడ్డులో మూడో రోజున రక్తపు చుక్కలా కదిలే గుండెను అరిస్టాటిల్ వర్ణించాడు. వెన్ను విభజన అప్పటికే సగానికి పైగా అయిపోయి ఉంటుంది. సూక్ష్మదర్శిని లేని కంటికి అది అందలేదు.

నిజానికి విరగడానికి ఆ దశలో ఎముకే ఉండదు. పిండం నడుమ నోటోకార్డ్ అనే సన్నని కడ్డీ, దానిపైన వెన్నుపాము కాబోయే నాళం ఉంటాయి. వాటికి రెండు పక్కలా ఉన్న మెత్తని కణజాలం తలవైపు నుంచి కిందికి జంటలు జంటలుగా ముద్దకట్టి విడిపోతుంది. ఇవే సోమైట్లు. మనిషిలో సుమారు 20వ రోజున మొదలై, ఐదో వారం ముగిసేసరికి 42 నుంచి 44 జంటలవుతాయి. కోడి పిండంలో 90 నిమిషాలకు ఒక జంట. కణాల్లోనే ఒక గడియారం ఉండాలని శాస్త్రవేత్తలు కుక్, జీమన్ 1976లో ఊహించారు. అదే 90 నిమిషాల లయలో వెలిగి ఆరే జన్యువును 1997లో ఒలివియే పూర్కియే బృందం చూపింది.

అసలు విచిత్రం ఆ తర్వాతే. సోమైట్లలో ఎముకగా మారే భాగం నోటోకార్డ్ చుట్టూ చేరాక, ఒక్కో ముద్ద అడ్డంగా రెండుగా చీలుతుంది. పై ముద్ద కింది సగం, కింది ముద్ద పై సగంతో కలిసి ఒక పూసవుతుంది. కండరం మాత్రం చీలదు. అందుకే అది రెండు పూసలకు వారధిగా నిలిచి వెన్నును వంచగలుగుతుంది. పూస అనగానే దారానికి గుచ్చిన దండ గుర్తొస్తుంది గానీ, ఈ పూసలు నోటోకార్డ్ అనే దారం చుట్టూనే పుట్టి దాన్ని మింగేస్తాయి. డిస్కుల నడిమి జిగురులోనే దాని ఆనవాలు మిగులుతుంది.

వంగడం కోసమే చీలిందనిపిస్తుంది, అరిస్టాటిల్ గెలిచాడనిపిస్తుంది. కణాలకు మాత్రం వంగడం సంగతే తెలియదు. వంగే వెన్నున్న జీవులు బతికి బట్టకట్టడంతో ఆ క్రమం తరతరాలుగా నిలిచింది. బీజం విషయంలో అరిస్టాటిల్, రూపాన్ని తెచ్చేది జరిగిన తీరేనన్న విషయంలో ఎంపెడొక్లీస్ నెగ్గారు. డీఎల్ఎల్3 జన్యువు రెండు ప్రతులూ చెడితే గడియారం లయ తప్పుతుంది. అయినా పని ఆగదు. ఉన్న ముక్కలే ఎలా పడితే అలా అతుక్కుని, బిడ్డ వంకర వెన్నుతో పుడుతుంది.