జీతం పూర్తిగా, మనసు సగమేనా?

మన ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్ళేవారంటే మేస్త్రీలు, డ్రైవర్లు, ఇళ్ళలో పనిచేసేవారే చాలామందికి గుర్తుకొస్తారు. కాని బి.ఎడ్. చేసిన మన సోదర సోదరీమణులు కూడా దుబాయి, దోహా, కువైట్, రియాద్ నగరాలలోని ఇంటర్నేషనల్ స్కూళ్ళలో ఉపాధ్యాయులుగా చేరుతున్నారు. పట్టాల మీద ప్రభుత్వ ముద్రలు వేయించుకోవడం, మెడికల్ పరీక్ష, వేలిముద్రలు, నివాస కార్డు, బ్యాంకు ఖాతా... ఇవన్నీ కొద్ది వారాలలో పూర్తవుతాయి. మనసు కుదుటపడటానికి మాత్రం నెలలు పడుతుంది. ఆ నెలల్లోనే ఒక ప్రశ్న తలెత్తుతుంది.

మనసును ఇంటి దగ్గరే వదిలి, శరీరాన్ని మాత్రం తరగతి గదిలో నిలబెట్టిన వ్యక్తి తీసుకునే జీతం పూర్తిగా అతనిదేనా? మరోచోట ఎక్కువ జీతం వస్తుందని విద్యా సంవత్సరం మధ్యలో పిల్లలను వదిలి వెళ్ళిపోవడం కేవలం లౌకిక వ్యవహారమేనా? లేక రేపు అల్లాహ్ సన్నిధిలో సమాధానం చెప్పుకోవలసిన విషయమా?

ముసాఫిర్ ఎప్పటి వరకు?

ప్రయాణికునికి షరీఅత్ సౌలభ్యం ఇచ్చింది. నాలుగు రకాతుల ఫర్జ్ నమాజును అతను రెండు రకాతులుగా చేస్తాడు. అయితే ఒకచోట పదిహేను రోజులు లేక అంతకుమించి ఉండాలని సంకల్పించుకుంటే హనఫీ ఫిఖ్హ్ ప్రకారం అతను ఇక ప్రయాణికుడు కాడు, పూర్తి నమాజు చేయాలి. ఇతర ఇమాముల దృష్టిలో ఈ గడువు ఇంకా తక్కువ, సుమారు నాలుగు రోజులు. ఇందులో మనకు ఒక పాఠం ఉంది. నివాసం సంకల్పంతో మొదలవుతుంది. సంకల్పం మారగానే బాధ్యత కూడా పూర్తిస్థాయికి చేరుతుంది. రెండేళ్ళ ఒప్పందం మీద సంతకం చేసిన ఉపాధ్యాయుడు నమాజు పూర్తిగా చేస్తూ, పనిలో మాత్రం 'నేను ఇక్కడ నాలుగు రోజుల అతిథిని' అనుకుంటే అది సబబేనా?

బెంగ పాపం కాదు

అలాగని ఇంటి మీద బెంగ పెట్టుకున్న వారిని నిందించడం మా ఉద్దేశం కాదు. హిజ్రత్ చేసి మదీనా చేరిన కొత్తలో హజ్రత్ అబూబక్ర్ (రజి), హజ్రత్ బిలాల్ (రజి) జ్వరంతో మంచం పట్టారు. బిలాల్ (రజి) మక్కా లోయలను, అక్కడి గడ్డిని, నీటి చెలమలను తలచుకుని కవితలు పాడుకునేవారు. ఈ సంగతి తెలిసినప్పుడు దైవప్రవక్త (స) వారిని మందలించలేదు. మక్కాను ప్రేమించినట్లే, కాదు అంతకంటే ఎక్కువగా మదీనాను ప్రేమించే భాగ్యం తమకు ప్రసాదించమని, దాని వాతావరణాన్ని ఆరోగ్యకరం చేయమని, దాని కొలతలలో శుభం కలిగించమని అల్లాహ్‌ను వేడుకున్నారు. పుట్టిన ఊరి మీద మమకారాన్ని చంపుకోమని ఇస్లాం చెప్పదు. కొత్త ఊరిని కూడా ప్రేమించే మనసు కోసం దుఆ చేయమంటుంది.

ఒక ఉపాధ్యాయుని ఆదర్శం

పరాయి ఊరికి ఉపాధ్యాయునిగా వెళ్ళినవారి ప్రస్తావన వస్తే హజ్రత్ ముస్అబ్ బిన్ ఉమైర్ (రజి) గుర్తుకు రావలసిందే. హిజ్రత్‌కు పూర్వం, సుమారు క్రీ.శ. 621లో మదీనా వాసులకు ఖుర్ఆన్ నేర్పడానికి దైవప్రవక్త (స) ఆయనను పంపారు. మక్కాలో సిరిసంపదల మధ్య పెరిగిన యువకుడు అక్కడ అస్అద్ బిన్ జురారా (రజి) ఇంట అతిథిగా ఉండి పాఠం చెప్పారు. ఉసైద్ బిన్ హుజైర్ బల్లెం పట్టుకుని, వెళ్ళిపొమ్మని గద్దించడానికి వచ్చారు. అప్పుడు ముస్అబ్ (రజి) కోపగించుకోలేదు. కాస్త కూర్చుని వినమని, నచ్చితే స్వీకరించమని, నచ్చకపోతే తాము ఆపేస్తామని మృదువుగా చెప్పారు. ఉసైద్ కూర్చున్నారు, విన్నారు, విశ్వసించారు.

అలాగే హజ్రత్ ముఆజ్ (రజి), హజ్రత్ అబూ మూసా (రజి)లను యమన్ పంపుతూ దైవప్రవక్త (స), ప్రజలకు సులభం చేయమని, కష్టపెట్టవద్దని, శుభవార్తలు వినిపించమని, దూరం చేసుకోవద్దని బోధించారు. అనేక దేశాల పిల్లలు ఒకే తరగతిలో కూర్చునే పాఠశాలలో ఇంతకంటే మంచి బోధనా సూత్రం ఏముంటుంది?

ఒప్పందం ఒక అమానతు

అల్ మాయిదా సూరా మొట్టమొదటి ఆయతులోనే ఒప్పందాలను నెరవేర్చమని విశ్వాసులకు ఆజ్ఞ ఉంది. చేసిన వాగ్దానం గురించి ప్రశ్నించడం జరుగుతుందని బనీ ఇస్రాయీల్ సూరా హెచ్చరిస్తుంది. ఇక అల్ ముతఫ్ఫిఫీన్ సూరా, తాము తీసుకునేటప్పుడు పూర్తిగా కొలిచి తీసుకుని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించేవారికి వినాశం ఉందంటుంది. ఈ తూకం కిరాణా కొట్టుకే పరిమితం కాదు. నెల జీతం చివరి దిర్హమ్ వరకు లెక్కపెట్టి తీసుకుని, తరగతి గదిలో ఫోను చూస్తూ గంట గడిపేవారి చేతిలోనూ ఒక త్రాసు ఉంది.

'యజమాని మాట తప్పితే మేమెందుకు కట్టుబడి ఉండాలి?' అని కొందరు అడుగుతారు. ఇది న్యాయమైన ప్రశ్న. ఇక్కడ చెప్పిన జీతం ఒకటి, అక్కడ ఇచ్చేది మరొకటి కావడం, ఇస్తామన్న వసతి ఇవ్వకపోవడం జరుగుతూనే ఉంటాయి. శ్రామికుని చెమట ఆరకముందే వేతనం చెల్లించమన్న ధర్మం మనది. ఒప్పందం ఇరుపక్షాలనూ బంధిస్తుంది. అన్యాయం జరిగితే ఫిర్యాదు చేయడం, ఉద్యోగం మానుకోవడం మన హక్కు. అయితే ఆ హక్కును వాడుకునే పద్ధతి కూడా ధర్మసమ్మతంగా ఉండాలి. ఉదాహరణకు యు.ఎ.ఇ.లో 2022 ఫిబ్రవరి నుంచి అమలులోకి వచ్చిన కార్మిక చట్టం ప్రకారం, ప్రొబేషన్ కాలంలో ఉద్యోగం మాని దేశం విడిచి వెళ్ళేవారు 14 రోజుల ముందు, అక్కడే మరో యజమాని దగ్గర చేరేవారు నెల రోజుల ముందు లిఖితపూర్వకంగా తెలియజేయాలి. చెప్పకుండా సెలవుల్లో వచ్చి తిరిగి వెళ్ళకపోవడం దీనికి విరుద్ధం. యజమాని తప్పు చేసి ఉండవచ్చు. కాని పరీక్షల ముందు ఉపాధ్యాయుడు లేకుండా మిగిలిపోయిన పిల్లలు చేసిన తప్పేమిటి? ఒకరి అన్యాయానికి మరొకరిని బాధించే అనుమతి మనకు లేదు.

అన్యాయమేమీ జరగకుండానే, కేవలం ఎక్కువ జీతం కోసం వెళ్ళేవారి సంగతి? మంచి ఉపాధి వెతుక్కోవడం హలాలే. కాని మాట ఇచ్చిన గడువు పూర్తిచేసి వెళ్ళడంలో శుభం ఉంది. పిల్లల చదువును నష్టపరచి సంపాదించిన పెంపులో శుభం ఎంత మిగులుతుందో ఎవరికి వారే ఆలోచించుకోవాలి.

కొత్తగా వెళ్ళేవారికి

మొదటి వారంలోనే దగ్గరి మసీదును వెతుక్కోండి. అక్కడ అస్ర్ నమాజు మన హనఫీ మసీదులలో కంటే ముందే జరుగుతుంది. ఆమీన్ బిగ్గరగా వినిపిస్తుంది. దీని మీద వాదనకు దిగకండి, వరుసలో నిలబడండి. పక్కన నిలబడినవారికి సలాం చెప్పండి. సోదరీమణులు తోటి ఉపాధ్యాయినులతో, ఇరుగుపొరుగుతో మంచిగా మెలగాలి. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కు మదీనాలో సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానంటే, ఆయన శుభం కోరి, బజారుకు దారి చూపమన్నారు. సాయం చేసేవారిని గౌరవించండి, భారం మాత్రం మీరే మోయండి. ఇంటికి ఫోను చేసినప్పుడు అమ్మానాన్నల దుఆ అడగండి. అక్కడి గొప్పలు చెప్పి చెల్లెళ్ళ, తమ్ముళ్ళ ఆశలు పెంచకండి.

నిజానికి ఈ లోకంలో మనమందరం బాటసారులమే. కాని బాటసారి తాను విశ్రమించిన చెట్టును నరికి వెళ్ళడు. ఉన్నంత కాలం పూర్తిగా ఉండి, తీసుకున్న దానికి సరితూగేలా ఇచ్చి వెళ్ళే మనసును అల్లాహ్ మన బిడ్డలకు, మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.