దిగులుతో తినే ముద్దకు లెక్క ఉందా?

ఒంగోలులో ఒక రాత్రి ఇషా నమాజు తర్వాత ఓ సోదరుడు నన్ను ఆపి అడిగారు: "హజ్రత్, నాకు షుగరు ఉంది. మిర్చి అమ్మిన రోజు నుంచీ దిగులు. రాత్రి అందరూ పడుకున్నాక జిలేబీ తింటున్నాను, తిన్నాక బాధపడుతున్నాను. ఇది మెదడు చేసే పని అంటున్నారు డాక్టరు. మరి రేపు అల్లాహ్ ముందు జవాబు చెప్పుకోవలసింది నేనా, నా మెదడా?"

ఆ దిగులు మన ప్రాంతానికి తెలియనిది కాదు. 2025 ఆరంభంలో మిర్చి ధరలు పడిపోతే, కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించవలసి వచ్చింది.

డాక్టరు మాట నిజమే. కోపాన్ని, దుఃఖాన్ని అదుపు చేసే మెదడు ముందు భాగమే, తీపి వైపు సాగే చేతిని ఆపడంలోనూ పనిచేస్తుంది. దిగులు చాలాకాలం నిలిస్తే కార్టిసాల్ అనే హార్మోను పెరిగి, మనసు తీపి మీదికి, నూనె వంటకాల మీదికి లాగుతుంది. నిద్ర చాలకపోతే అదుపు మరింత సడలుతుంది.

ఈ సంబంధం మన ధర్మానికి కొత్త కాదు. ఉపవాసితో ఎవరైనా తగవుకు దిగితే, తాను ఉపవాసంలో ఉన్నానని చెప్పి ఊరుకోవాలని దైవప్రవక్త (స) బోధించారు. కడుపుకు వేసిన కళ్ళెమే నాలుకకూ పడుతుందన్నమాట. ఇమామ్ గజాలీ (రహ్మలై) 'ఇహ్యా'లో కడుపు కోరికల గురించి రాశాక నాలుకను, ఆ తర్వాత కోపాన్ని తీసుకున్నారు. ఈ వరుస ఊరికే వచ్చిందని నేననుకోను.

అలాగని తిండిలో ఊరట వెతుక్కోవడమే తప్పనలేం. బంధువులలో ఎవరైనా మరణిస్తే హజ్రత్ ఆయిషా (రజి) తల్బీనా అనే జావ కాయించేవారు. అది దుఃఖాన్ని కొంత తగ్గిస్తుందని ప్రవక్త (స) చెప్పగా ఆమె విన్నారు. అయితే అది నలుగురిలో కూర్చుని తాగే జావ, చీకట్లో ఒంటరిగా తినే జిలేబీ కాదు.

ఆ సోదరునితో ఇలా అన్నాను: "అల్లాహ్ ఎవరిపైనా శక్తికి మించిన భారం వేయడు. దిగులు కలగడం, నోరూరడం మీ చేతిలో లేవు. కాని సాయంత్రం బజారులో జిలేబీ కొని సంచిలో దాచుకునేటప్పుడు మీ మనసు మీ అదుపులోనే ఉంది. జవాబు చెప్పవలసింది అక్కడ."

ఆయనకు చెప్పని మాట ఇంటివారికి చెప్పాలి. అన్నం ముందు కూర్చున్న మనిషిని అప్పు గురించి ఎత్తిపొడిస్తే, ఆ రాత్రి జిలేబీలో ఆ మాటకూ భాగముంటుంది.

"మరి ఇవాళ కొన్నది ఇంట్లో ఉంది హజ్రత్, పారేస్తే దుబారా కదా?" అన్నారాయన.

పక్కింటి పిల్లలకు ఇవ్వమన్నాను.