పాటకు వేసిన తాళం

పుంగనూరు దగ్గరి పల్లెలో నా పరిశోధన కోసం పాటలు పాడిన పెద్దావిడ నిరుడు వేసవిలో ఒక మాట అడిగింది. “నా పాటలు యాడ బెట్టినావు పాపా? మా మనవరాలు నేర్చుకుంటానంటా ఉంది.” ఇస్తానని చెప్పి, మదనపల్లెలో ఇంటికొచ్చి ఫైలు తెరిచాను. తెరమీద తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా ఉన్నాయి.

కుప్పంలో పిహెచ్‌డి చేసేటప్పుడు ఆ పాటల్ని డిటిపి సెంటర్లో టైపు చేయించాను. వాళ్ల ఫాంటు కొనుక్కోవలసిన రకం. అటువంటి పాత ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల స్థానంలో తెలుగు బొమ్మలు కూర్చుంటాయి. ఫాంటు లేకపోతే తెలుగూ లేదు. 1991లోనే యూనికోడ్ తెలుగు అక్షరాలకు సొంత సంఖ్యలిచ్చింది. ఆ సంగతి పట్టించుకోకుండానే సాహిత్యంలో డాక్టరేటు తీసుకున్నాను.

ఎవరో స్వచ్ఛందంగా రాసిపెట్టిన మార్పిడి ప్రోగ్రాంతో చాలావరకు తిరిగొచ్చింది. చెదిరిన ఒత్తుల్ని రికార్డింగులు వింటూ రెండు నెలలు దిద్దాను. అప్పటినుంచి ఇంట్లో లినక్స్, లిబ్రే ఆఫీస్ వాడుతున్నాను. ఆఫీసు యంత్రం నాది కాదు కనుక వాళ్లు పెట్టిందే వాడతాను. ఫైళ్లు మాత్రం ఓపెన్ డాక్యుమెంట్ పద్ధతిలో దాస్తాను. 2006లో ఐఎస్ఓ ప్రమాణమైన ఆ పద్ధతి నిర్మాణం బహిరంగం. దాన్ని తెరిచే ప్రోగ్రాం ఎవరైనా రాసుకోవచ్చు.

1983లో రిచర్డ్ స్టాల్మన్ గ్నూ ప్రాజెక్టు ప్రకటించిన నాటినుంచీ ‘ఫ్రీ’ అనే ఇంగ్లీషు మాటతో చిక్కే. తెలుగులో ఉచితం వేరు, స్వేచ్ఛ వేరు. హైదరాబాదులోని ఒక సంస్థ ‘స్వేచ్ఛ’ అనే పేరు పెట్టుకుంది. ఈ తేడా ఆడవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంట్లో మన చాకిరీ ఉచితమే, స్వేచ్ఛ కాదు.

వాడుకోవడం, లోపల చూసి మార్చుకోవడం, పంచడం, మార్చినదాన్ని పంచడం: ఇవీ ఆ నాలుగు స్వేచ్ఛలు. పంచేవాళ్లు తాము పొందిన స్వేచ్ఛనే అవతలివాళ్లకీ ఇవ్వాలని గ్నూ లైసెన్సు షరతు. చదువుతుంటే నాట్ల పాటలు గుర్తొచ్చాయి. ఒకామె ఎత్తుకుంటుంది, ఇంకొకామె చరణం కలుపుతుంది, పక్క ఊళ్లో పేర్లు మారతాయి. ఎవరూ తాళం వెయ్యరు. తాళం వేసింది నేనే. థీసిస్‌ను పుస్తకంగా వేసినప్పుడు సర్వహక్కులూ నావని రాసుకున్నాను.

సిగ్గనిపించి పాటలన్నీ ఇంటర్నెట్‌లో పెట్టేద్దామనుకున్నాను. అయితే తాళం తీసే హక్కు మాత్రం నాదా? ప్రోగ్రాం రాసినవాళ్లు తమ కోడును తామే విడుదల చేస్తారు. ఆమె అత్తనీ మొగుడినీ తిట్టిపోసిన పాటలు నా ముందు పాడింది, ఊరి ముందు కాదు. ఆమె బదులు నేను నిర్ణయిస్తే మంచిపేరు నాకూ, నష్టం ఆమెకూ.

అచ్చుప్రతి తీసుకెళ్లి ఒక్కో పాటా చదివి వినిపించి అడిగాను. మూడింటిని మనవరాలికి తప్ప ఎవరికీ ఇవ్వొద్దంది. మిగతావాటికి, “ఎవురైనా పాడుకోనీలే. అమ్ముకోగూడదని చెప్పు” అంది.

గ్నూ లైసెన్సు అమ్మకాన్ని ఆపదు. ఆమె షరతు అంతకంటే గట్టిది. నా పుస్తకం వెల 150 రూపాయలు, ఆ మూడు పాటలూ అందులో ఉన్నాయి. ఆ సంగతి ఆమె అడగలేదు. నేనే చెప్పాలి.